చినుకు పడిన రోజే ఆట చూడాలి

ధర్మవరం జంక్షన్ నుంచి దక్షిణంగా సాగే రైలు మార్గం పెనుకొండ, హిందూపురం దాటి కర్ణాటకలోకి ప్రవేశిస్తుంది. గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంకల మీదుగా బెంగళూరు చేరుతుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ అనంతపురం జిల్లావే. జిల్లా హద్దులు ఎటు జరిగినా ఈ ఊళ్ల రాకపోకలు మాత్రం బెంగళూరుతోనే. పిల్లల చదువుకైనా, పెద్దాసుపత్రికైనా, ఉద్యోగానికైనా, పట్టుచీరల బేరానికైనా ఇక్కడి జనం పట్టుకునేది ఆ రైలే. పేరున్న ఆటగాళ్ల టెన్నిస్‌ను కళ్లారా చూడాలన్నా వీళ్లకు అన్నిటికంటే దగ్గరి చోటు అక్కడే ఉంది. అది కబ్బన్ పార్కులోని కర్ణాటక రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం స్టేడియం. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున బయల్దేరి ఆట చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. అయితే పొద్దున్నే మబ్బు కమ్మితే చాలామంది ప్రయాణం మానుకుంటారు. వానొస్తే ఆట ఆగుతుంది, డబ్బూ సెలవూ దండగ అనుకుంటారు. ఈ లెక్క తప్పని నా వాదన. టెన్నిస్‌ను నిజంగా అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకు వాన అడ్డుపడే రోజే మంచి రోజు. ఆ రోజు చూసేదాన్ని గుర్తుపట్టే కన్ను ఈ రైలు దారి వెంట ఉన్న ఊళ్లకు ముందే ఉంది. అందుకే ఈ వాదనను ఆ దారి వెంటే, ఒక్కో ఊరూ దాటుకుంటూ చెబుతాను.

ముందుగా ధర్మవరం. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసి, ఇక్కడికి చేరేసరికి తేలికపడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు తూర్పు తీరం దగ్గర కురిసినంతగా ఇంత లోపలికి రావు. రెండు రుతుపవనాలకూ కొసన ఉండడం వల్లనే ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఇలాంటిచోట వానను తిట్టే అలవాటు ఎవరికీ ఉండదు. అలాగని వాన వల్ల పని ఆగదనీ కాదు. ధర్మవరం నేత చాలాకాలం గుంట మగ్గాల మీదే నడిచింది. నేతగాడు నేల మట్టాన కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి తొక్కుతూ నేస్తాడు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గుంటలో చెమ్మ ఊరుతుంది. నేల వాలుగా ఉన్న ఇళ్లలో నీళ్లే చేరతాయి. పడుగు చెమ్మ పీల్చి బిగువు మారుతుంది. ఆ బిగువుతో నేస్తే జరీ అంచు సమంగా కూర్చోదు. అందువల్ల వాన వెలిసిన వెంటనే నాడె పట్టుకోరు. పడుగు మీద అరచెయ్యి ఆనించి చూస్తారు, గుంట తుడుస్తారు, గాలి తగలనిస్తారు. ఎప్పుడు ఆపాలన్నది వాన చెబుతుంది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం చెయ్యి తిరిగిన మనిషి నిర్ణయించాలి. టెన్నిస్ కోర్టు మీద వాన రోజున జరిగేది సరిగ్గా ఇదే. తడి, బిగువు, తొందరపడితే జరిగే నష్టం, ఓపిక పడితే నిలిచే నాణ్యత రెండు చోట్లా ఉన్నాయి. ధర్మవరం నుంచి వెళ్లే ప్రేక్షకుడు ఆ ఆగిన సమయాన్ని ఖాళీ సమయం అనుకోడు. అదీ పనిలో భాగమేనని ఇంటి దగ్గరే చూసి ఉంటాడు.

రైలు పెనుకొండ చేరేసరికి కిటికీలోంచి కొండా, కోట గోడలూ కనిపిస్తాయి. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన ఊరిది. అంతకంటే చాలా ముందే ఈ ఊరికి నీళ్ల గురించిన కథ ఒకటి ఉంది. పెన్నా నీటిని పెనుకొండకు తేవాలన్న రాజాజ్ఞ మేరకు సింగయభట్టు అనే జలశాస్త్రజ్ఞుడు కల్లూడి దగ్గర నుంచి సిరువెర చెరువుకు కాలువ తవ్వించినట్టు 1388 నాటి శాసనం చెబుతోంది. కల్లూడి ఉన్నది గౌరీబిదనూరు దగ్గర, అంటే ఇదే రైలు దారి మీద. ఆరు వందల ఏళ్ల కిందట నీళ్లు అటు నుంచి ఇటు నడిచాయి, ఇప్పుడు మనుషులు ఇటు నుంచి అటు వెళుతున్నారు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఇప్పుడు కియా కార్ల కర్మాగారం ఉంది. 2019 డిసెంబరులో ప్రారంభమైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చేయగల కర్మాగారమది. ఆ కియాయే 2002 నుంచి ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు ప్రధాన భాగస్వామి. మెల్‌బోర్న్ కోర్టు గోడ మీద పెద్ద అక్షరాలతో కనిపించే పేరునే ఎర్రమంచి కార్మికుడు రోజూ పనిలోకి వెళ్తూ గేటు మీద చూస్తాడు. రఫాయెల్ నాదల్ ఏళ్ల తరబడి ప్రచారకర్తగా ఉన్నది కూడా ఈ సంస్థకే. టెన్నిస్ మన నేలకు చాలా దూరం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ దూరం గురించిన అభ్యంతరానికి ఇక్కడే జవాబు చెప్పి ముందుకు పోవడం మంచిది. టెన్నిస్ డబ్బున్నవాళ్ల ఆట, కరువు సీమ ఊళ్లకూ దానికీ పొత్తేమిటి అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. రాకెట్టు, బూట్లు, కోచింగ్, ప్రయాణాలు అన్నీ ఖర్చుతో కూడినవే. కానీ ధర్మవరానికి ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉన్న అనంతపురంలో దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. 1969లో అక్కడికి వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీని నిలబెట్టిన విన్సెంట్ ఫెర్రర్ 2009లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది, 2010 అక్టోబరులో, నాదల్ స్వయంగా అనంతపురం వచ్చి ఆర్డీటీతో కలిసి తన ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ పాఠశాలను ప్రారంభించారు. పేదింటి పిల్లలకు అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటరు నేర్పుతారు, పోషకాహారం కూడా పెడతారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే కోర్టులో ఆడతారు. అదే ఊళ్లో ఆర్డీటీ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగింది. పెద్ద ఆటకు పెద్ద నగరమే కావాలన్న నమ్మకం అప్పుడే సడలింది. ఆట ఖర్చుతో కూడినదన్నది నిజం. ఆ ఖర్చును ఎవరైనా పంచుకుంటే ఇక్కడి పిల్లలు ఆడగలరన్నదీ అంతే నిజం. ఆడే పిల్లలున్న నేలకు ఆట చూసే హక్కు కూడా ఉంటుంది.

హిందూపురం ఆంధ్ర వైపు చివరి పెద్ద స్టేషను. చింతపండుకు, బెల్లానికి, పట్టుగూళ్లకు పేరు పడిన మార్కెట్టు ఊరిది. పట్టుగూళ్ల రైతుకు వానంటే రెండు ముఖాలు. మల్బరీ తోటకు వాన కావాలి. కానీ తడిసిన ఆకును పురుగులకు వేస్తే జబ్బు చేస్తుంది. గూడు కట్టే రోజుల్లో గాలిలో చెమ్మ ఎక్కువైతే దారం నాణ్యత పడిపోతుంది. ఒకే వాన, కురిసిన సమయాన్ని బట్టి, లాభమూ అవుతుంది, నష్టమూ అవుతుంది. ఈ ఊరికి దగ్గర్లోనే పెన్నా నది కర్ణాటక నుంచి ఆంధ్రలో అడుగుపెడుతుంది. అది పుట్టింది నందికొండల్లో. అంటే హిందూపురానికీ బెంగళూరుకూ మధ్య మబ్బు పట్టిందంటే, బెంగళూరులో ఎవరి ఆట ఆగినా, నందికొండల మీద కురిసిన చినుకులు ఇటు పారి మన బావులకు ఊట అవుతాయి. బెంగళూరు సగటు వర్షపాతం మనకు దాదాపు రెట్టింపు, అటూ ఇటూగా వెయ్యి మిల్లీమీటర్లు. రెండు చోట్లా గట్టి వానలు పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. బెంగళూరు ఓపెన్ ఛాలెంజర్ పోటీ ఈ మధ్య ఎక్కువగా ఫిబ్రవరిలో జరుగుతోంది కాబట్టి ఎండగానే సాగిపోతుంది. 2022 ఫిబ్రవరిలో అక్కడే మన ఉయ్యూరు కుర్రాడు సాకేత్ మైనేని, రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. డేవిస్ కప్ తేదీలు మాత్రం మన వానల్ని చూసి పెట్టరు. 2014లో అదే జరిగింది.

2014 సెప్టెంబరు 12న కబ్బన్ పార్కులో భారత్, సెర్బియాల మధ్య డేవిస్ కప్ వరల్డ్ గ్రూప్ ప్లే ఆఫ్ మొదలైంది. నొవాక్ జొకోవిచ్ రాలేదు. రాకపోయినా సెర్బియా గట్టి జట్టే. తొలిరోజు రెండు సింగిల్స్ మ్యాచ్‌లూ భారత్ ఓడిపోయింది. శనివారం డబుల్స్‌లో లియాండర్ పేస్, రోహన్ బోపన్న మొదటి రెండు సెట్లు పోగొట్టుకున్నాక లేచి, తర్వాతి మూడు సెట్లూ గెలిచారు. చివరి సెట్టు 8-6తో ముగిసింది. ఆదివారం సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ ఐదు సెట్ల పోరులో దుసాన్ లాయోవిచ్‌ను ఓడించి స్కోరు 2-2 చేశాడు. ఇక అంతా ఐదో మ్యాచ్ మీద, యూకీ భాంబ్రీ, ఫిలిప్ క్రాయినోవిచ్‌ల మీద ఆధారపడింది. క్రాయినోవిచ్ మొదటి సెట్టు గెలుచుకున్నాక, రెండో సెట్టు సాగుతుండగా వాన దిగింది. ఆట సోమవారానికి వాయిదా పడింది. ఆ రోజు క్రాయినోవిచ్ 6-3, 6-4, 6-4తో గెలిచాడు, సెర్బియా 3-2తో ముందుకు పోయింది. ఈ నాలుగు రోజుల కథలో వానను విలన్‌ని చేయడం తేలిక. కానీ జరిగినది సరిగా చూస్తే వాన ఎవరి పక్షమూ వహించలేదు. వెనకబడి ఉన్న భారత ఆటగాడికి ఒక రాత్రి గడువు దొరికింది. ముందున్న సెర్బియా ఆటగాడికి గెలుపు చేతికి అందీ అందకుండా ఉన్న ఒక రాత్రి గడపాల్సి వచ్చింది. సోమవారం వచ్చి ఆధిక్యాన్ని నిలబెట్టుకున్నాడంటే అది అతని సత్తా. ఆదివారమే ఆట ఏకబిగిన ముగిసి ఉంటే అతను బాగా ఆడాడని మాత్రమే తెలిసేది. ఆగి, రాత్రంతా ఆలోచించి, మళ్లీ మొదలుపెట్టి కూడా ఆడగలడని తెలిసింది వాన వల్లనే.

చినుకు పడినప్పుడు కోర్టు మీద ఏం జరుగుతుందో ఇప్పుడు దగ్గరగా చూద్దాం. బెంగళూరులోవి హార్డ్ కోర్టులు, అంటే గట్టి పునాది మీద యాక్రిలిక్ పూత వేసిన నేల. మట్టి కోర్టు సన్నటి తుంపరను కాసేపు పీల్చుకోగలదు, ఈ పూత పీల్చుకోలేదు. పలచటి నీటి పొర పైనే నిలుస్తుంది. పరుగెత్తి వచ్చి ఒక్కసారి ఆగబోయిన పాదం ఆ పొర మీద జారిందంటే మోకాలో చీలమండో పోతుంది. రంగు వేసిన తెల్ల గీతలు మరీ జారుడు. అందుకే అంపైర్ ఆట ఆపడానికి జడివాన అక్కర్లేదు, గీత మెరిస్తే చాలు. ఆటగాళ్లు సంచులు సర్దుకుని లోపలికి పోతారు. వాన వెలిశాక బాల్‌బాయ్‌లు, సిబ్బంది వరుసగా నిలబడి పొడవాటి రబ్బరు పట్టీల కర్రలతో నీటిని ఒక వైపు నుంచి మరో వైపుకు తోసుకుంటూ పోతారు. ఆ తర్వాత తువ్వాళ్లతో మోకాళ్ల మీద కూర్చుని గీతలు తుడుస్తారు. రిఫరీ కోర్టులోకి వచ్చి బేస్‌లైన్ దగ్గర బూటు మడమతో నేలను రుద్ది చూస్తాడు. నాలుగు మూలల్లో మూడు ఆరి ఒకటి ఆరకపోతే ఆట లేనట్టే. ఎంతసేపు ఆగిందన్నదాన్ని బట్టి వార్మప్ కూడా లెక్క ప్రకారమే ఇస్తారు. పావుగంటలోపు ఆగితే వార్మప్ లేదు. పావుగంట నుంచి అరగంట అయితే మూడు నిమిషాలు. అరగంట దాటితే ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఏ పాయింటు దగ్గర ఆగిందో అక్కడే, అదే స్కోరుతో, అదే ఆటగాడి సర్వీసుతో, అదే వైపు నుంచి మొదలవుతుంది. ఇందులో ప్రతి అడుగూ న్యాయం కోసం పడుతున్నదే. ఇద్దరు ఆటగాళ్లకు ఒకే నేల, ఒకే గడువు, ఒకే స్థితి తిరిగి ఇవ్వడానికి ఇంతమంది చేసే శ్రమ ఎండ రోజున కనిపించదు. ఎండ రోజున నేల సిద్ధంగా ఉంటుంది, ప్రేక్షకుడు దాన్ని పట్టించుకోడు. వాన రోజున ఆ నేలను కళ్ల ముందే తిరిగి తయారు చేస్తారు.

బంతి విషయం ఇంకా ఆసక్తికరం. టెన్నిస్ బంతి బరువు నిబంధన ప్రకారం 56 నుంచి 59.4 గ్రాముల మధ్య ఉండాలి. దాని మీది నూగు చెమ్మ పీల్చిందంటే బంతి బరువెక్కుతుంది, నూగు ఉబ్బుతుంది, వేగం తగ్గుతుంది, పైకి లేవడం తగ్గుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడి పలచటి గాలిలో బంతి మామూలుగా వేగంగా దూసుకుపోతుంది. చెమ్మ రోజున ఆ వేగానికి కళ్లెం పడుతుంది. ఉదయం ఒక ఆట, సాయంత్రం మరో ఆట అన్నట్టు ఉంటుంది. దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం 2012 పారిస్ ఫైనల్. మట్టి కోర్టు మీద నాదల్ రెండు సెట్లు గెలిచి మూడో సెట్టులోనూ ముందున్నాడు. తుంపరలో ఆట సాగేకొద్దీ బంతి బరువెక్కి, అతని కొట్టుడులోని తిరుగుడుకు పైకి ఎగరడం మానేసింది. జొకోవిచ్ వరుసగా ఎనిమిది గేములు గెలుచుకున్నాడు. అప్పుడు ఆట ఆపి సోమవారానికి వాయిదా వేశారు. ఆరిన నేల మీద, పొడి బంతితో నాదల్ నాలుగో సెట్టు 7-5తో గెలిచి కప్పు అందుకున్నాడు. ఒకే జంట, ఒకే మ్యాచ్, మూడు రకాల ఆట. ఇది టీవీలో అంకెలుగా తెలుస్తుంది. కోర్టు పక్కన కూర్చున్నవాళ్లకు చెవికి తెలుస్తుంది. పొడి బంతి తీగల మీద తగిలిన చప్పుడు వేరు, తడిసిన బంతి చప్పుడు వేరు. పట్టు దారాన్ని వేళ్ల మధ్య నలిపి చెమ్మ చెప్పగల ఊరివాళ్లకు ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద పాఠం అక్కర్లేదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. బంతి స్వభావమే మారిపోతుంటే, గెలుపు ఆటగాడిదా, మబ్బుదా? 2001 వింబుల్డన్ సెమీఫైనల్ ఇందుకు ఉదాహరణగా చూపుతారు. శుక్రవారం సాయంత్రం టిమ్ హెన్‌మన్ మూడో సెట్టును 6-0తో గెలిచి, గోరాన్ ఇవానిసెవిచ్ మీద రెండు సెట్లకు ఒకటిగా ఆధిక్యంలో ఉండగా వాన కురిసింది. మ్యాచ్ శనివారం కూడా పూర్తి కాక ఆదివారానికి సాగింది. ఇవానిసెవిచ్ గెలిచాడు. వాన రాకపోతే హెన్‌మన్ ఫైనల్ ఆడేవాడని ఇంగ్లండులో ఇప్పటికీ అనుకుంటారు. ఆ బాధను కొట్టిపారేయను. వాన ఫలితాన్ని తాకదని చెప్పడం అబద్ధమవుతుంది. కానీ రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఎండ, గాలి, పొద్దుగుంకే వెలుగు కూడా ఫలితాన్ని తాకుతాయి. వాటిని మనం ఆటలో భాగంగానే లెక్కిస్తాం. ఆరుబయట ఆడే ఆటను వాతావరణం నుంచి విడదీసి తూచడం కుదరదు. రెండు, వాన ఇద్దరికీ ఒకే విరామం ఇస్తుంది, దాన్ని ఎలా వాడుకుంటారన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది. 2008 వింబుల్డన్ ఫైనల్లో వాన రెండుసార్లు ఆట ఆపింది. మొదటి విరామం తర్వాత ఫెడరర్ రెండు టైబ్రేకులు గెలిచి స్కోరు సమం చేశాడు. రెండోది ఐదో సెట్టులో 2-2 దగ్గర వచ్చింది. దాని తర్వాత నాదల్ 9-7తో గెలిచాడు. ఒక విరామం ఒకరికి కలిసొచ్చింది, మరొకటి మరొకరికి. 2001లో ఇవానిసెవిచ్ నిలదొక్కుకున్నాడు, 2014లో యూకీ నిలదొక్కుకోలేకపోయాడు. వాన గెలుపు పంచిపెట్టే వస్తువైతే వెనకబడ్డవాడే ప్రతిసారీ గెలవాలి. అలా జరగలేదు.

రెండో అభ్యంతరం ప్రేక్షకుడి వైపు నుంచి. ఆటగాడికి హోటలు గది ఉంది, రేపు మళ్లీ వస్తాడు. ధర్మవరం నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి సంగతేమిటి? రాత్రి రైలు ఎక్కాల్సిందే, సోమవారం పనిలోకి వెళ్లాల్సిందే. మొదటి సెట్టు చూసి చివరి సెట్టు పేపర్లో చదువుకోవాలా? ఇది న్యాయమైన ఫిర్యాదు. దీనికి ఓపిక గురించి ఉపదేశం చేయడం సమాధానం కాదు. సమాధానం నిర్వాహకుల చేతుల్లో ఉంది. వాన వల్ల ఆట మర్నాటికి పోతే అదే టికెట్టు మర్నాడూ చెల్లాలి. బొత్తిగా ఆట సాగని రోజుకు డబ్బు వాపసు రావాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఆట నిర్ణీత సమయం కూడా సాగకపోతే టికెట్టు సొమ్ము తిరిగి ఇచ్చే పద్ధతి వింబుల్డన్‌లో ఉంది. 2001లోనే ఇంకో మంచి ఉదాహరణ దొరుకుతుంది. వాన వల్ల ఫైనల్ సోమవారానికి జరిగినప్పుడు ఆ రోజు టికెట్లు అప్పటికప్పుడు, ముందు వచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతిలో అమ్మారు. ఏళ్ల తరబడి సెంటర్ కోర్టు గడప తొక్కలేని మామూలు జనం ఆ రోజు లోపల కూర్చుని ఇవానిసెవిచ్, ప్యాట్రిక్ రాఫ్టర్‌ల ఐదు సెట్ల ఆట చూశారు. ఆ రోజుకు జనం సోమవారం అన్న పేరు నిలిచిపోయింది. అంటే వాన ప్రేక్షకుడికి నష్టం చేస్తుందా, మేలు చేస్తుందా అన్నది నిర్వాహకులు టికెట్టును ఎలా చూస్తారన్నదాని మీద ఉంది. ఆ నష్టం ఏర్పాటు లోపం. దాన్ని మబ్బు మీదికి తోయడం వల్ల అసలు బాధ్యులు తప్పించుకుంటారు.

పైకప్పులు వచ్చేశాక ఈ గొడవంతా ఎందుకన్నది మూడో అభ్యంతరం. మెల్‌బోర్న్‌లో ప్రధాన కోర్టుకు 1988 నుంచే మూసుకునే కప్పు ఉంది. వింబుల్డన్ సెంటర్ కోర్టుకు 2009లో, న్యూయార్క్ ఆర్థర్ ఆష్ స్టేడియానికి 2016లో, పారిస్ ప్రధాన కోర్టుకు 2020లో వచ్చాయి. వీటివల్ల ప్రసారాలు ఆగవు, పోటీలు వేళకు ముగుస్తాయి. ఆ మేలు కాదనను. 2024 జనవరిలో 43 ఏళ్ల బోపన్న డబుల్స్ టైటిల్ గెలిచింది కప్పున్న ఆ మెల్‌బోర్న్ కోర్టులోనే. అయినా కప్పు కట్టేది ఒకటి రెండు ప్రధాన కోర్టులకే. ప్రపంచంలో టెన్నిస్ అత్యధిక భాగం ఇంకా ఆకాశం కిందే ఆడుతున్నారు. బెంగళూరు ఛాలెంజర్లో ర్యాంకు కోసం ఊరూరా తిరిగే ఆటగాడు, అనంతపురంలో బడి వేళ తర్వాత రాకెట్టు పట్టే పిల్ల అందరూ ఆడేది ఆరుబయటే. కప్పు కింద ఆటే అసలు ఆట అనుకుంటే, వీళ్లు రోజూ చేస్తున్న పనిలో సగాన్ని మనం చూడనట్టే. వేచి ఉండడం, ఒళ్లు చల్లబడకుండా చూసుకోవడం, పది నిమిషాల్లో పిలుస్తారో పది గంటల తర్వాత పిలుస్తారో తెలియకుండా ఎంత తినాలో ఎంత తాగాలో తేల్చుకోవడం, మనసులో స్కోరును మోయడం, ఇవన్నీ నైపుణ్యాలే. కప్పున్న కోర్టులో వీటికి పని తక్కువ. ఇంట్లో టీవీ చూసేవాళ్లకు ఇవి అసలే కనిపించవు. చినుకు పడగానే తెర మీద పాత మ్యాచ్ వేస్తారు.

కాబట్టి ఈ దారి చివర నేను తేల్చేది ఇది. ధర్మవరంలో మగ్గం చెమ్మ ఆరేదాకా ఆగడం నేతలో భాగమైనట్టే, కోర్టు ఆరేదాకా ఆగడం టెన్నిస్‌లో భాగం. ఆ భాగాన్ని చూడకుండా ఆటను పూర్తిగా చూశామనుకోవడానికి లేదు. అది చూసే వీలు వాన రోజున, కోర్టు దగ్గర ఉన్నవాళ్లకే దొరుకుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్లలో వ్యాయామ ఉపాధ్యాయులు పిల్లలను ఆటకు తీసుకెళ్లాలనుకుంటే మబ్బు చూసి ప్రయాణం మానొద్దు. నీళ్లు తోసేవాళ్లను, గీతలు తుడిచేవాళ్లను, నేల రుద్ది చూసే రిఫరీని పిల్లలకు చూపించాలి. ఆట మళ్లీ మొదలైన తర్వాత మొదటి రెండు గేములను ప్రత్యేకంగా గమనించమనాలి. ఎవరు సిద్ధపడి వచ్చారో ఆ రెండు గేముల్లోనే బయటపడుతుంది. బెంగళూరు నిర్వాహకులు చేయాల్సిందీ ఒకటుంది. వాన పడితే టికెట్టు ఏమవుతుందో టికెట్టు మీదే కన్నడంలో, తెలుగులో, ఇంగ్లిషులో స్పష్టంగా అచ్చు వేయాలి. ఆ ఒక్క వాక్యం అక్కడ ఉంటే, ధర్మవరం నేతగాడైనా హిందూపురం పట్టుగూళ్ల రైతైనా మబ్బును చూసి వెనక్కి తిరగాల్సిన అవసరం ఉండదు.